మా ముందుగదిలో పెద్దమ్మ మంచం

మా ఎదురింటి పెద్దమ్మ మొన్న మంగళవారం పొద్దున పోయింది. తన ఇంట్లో కాదు, మా ఇంట్లో, మా ముందుగదిలో వేసిన మంచం మీద. చూడ్డానికి వచ్చినవాళ్ళలో చాలామంది "అయ్యో, ఎదురుగా సొంతిల్లు పెట్టుకుని పరాయి ఇంట్లో పోయిందే" అని నొచ్చుకున్నారు. ఆ జాలి నాకు ఒళ్ళు మండించింది. ఆమె దిక్కులేక మా ఇంటికి రాలేదు, పట్టుబట్టి వచ్చింది. ఎందుకొచ్చిందో జహీరాబాద్‌లో ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక నాకు లేదు. అందుకే రాస్తున్నాను.

మేము గోదావరి వైపు వాళ్ళం. మా ఆయనకు ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ఉద్యోగం రావడంతో ఈ ఊరు చేరాం. సొంతిల్లు కట్టుకునేదాకా పెద్దమ్మ ఇంటి వెనక రెండు గదుల్లోనే అద్దెకున్నాం. గదులు చూడ్డానికి వెళ్ళిన రోజు, అందరిలాగే "మీరేమిట్లు?" అని కులం అడుగుతుందని సిద్ధపడే వెళ్ళాను. ఆమె అడిగింది వేరే.

"అల్లం చాయ్ తాగుతవా? తాగనంటే మాత్రం నీతోని కష్టం."

పెద్దమ్మ గారూ అని పిలిస్తే నవ్వేది. "ఈ గారూ గీరూ బంద్ వెట్టు బిడ్డా. ఇంకెవల్నో పిలుస్తున్నవని ఎనకకు మర్రి చూస్తున్న."

అద్దెకు దిగిన ప్రతివాళ్ళచేతా పాలు పొంగించడం ఆమె పద్ధతి. పాలు తనే తెచ్చేది, పొయ్యి మాత్రం వాళ్ళచేతే వెలిగించేది. అద్దె గదులకు ఇంత హడావుడి ఎందుకని నేనంటే, "ఎందుకేంది? కిరాయి ఇచ్చేటోడు ఇంట్ల పండడా? ఎవలు పంటే వాళ్ళదే ఇల్లు" అంది. ఆ రోజు మా పాలు పొయ్యంతా పొంగి పోయాయి. ఆమె చీర కొంగుతోనే గట్టు తుడిచింది.

మేం మా ఇంటికి మారాక ఆ గదులు కొన్నాళ్ళు ఖాళీగా ఉన్నాయి. అప్పుడే హైవే మీద ఒక లారీలో ముగ్గురు పిల్లలు దొరికారు. బర్మాలో ఇల్లు తగలబడి, సరిహద్దులు దాటి, దారిలో పెద్దవాళ్ళు తప్పిపోయి వచ్చిన వాళ్ళు. పెద్దది రుఖియా, పద్నాలుగేళ్ళుంటాయేమో. వెంట ఇద్దరు తమ్ముళ్ళు. ఇలాంటి పిల్లల్ని చూసుకునే హైదరాబాద్ సంస్థవాళ్ళు వచ్చారు. ఆడపిల్లను ఒక చోట, మగపిల్లల్ని ఇంకో చోట పెట్టడమే మామూలట. కానీ రుఖియా తమ్ముళ్ళ చొక్కాలు వదిలితేగా! ఒక ఆయాను పెట్టి ముగ్గుర్నీ ఒకేచోట ఉంచుదామని ఇల్లు వెతకడం మొదలుపెట్టారు. దొరక్కపోతే విడదీయక తప్పదన్నారు.

టూలెట్ బోర్డు ఉన్న ఇళ్ళన్నీ తిరిగారు. ప్రతి గుమ్మంలో ఇంటివాళ్ళు ముందు దేశం అడిగారు, తర్వాత కాగితాలు అడిగారు, తర్వాత తలుపు వేశారు. పెద్దమ్మ మాత్రం వచ్చీరాని ఉర్దూలో రుఖియాను రెండే అడిగింది. చీకటంటే భయమా? కుక్కంటే భయమా? పిల్ల రెండింటికీ తలూపింది. ఆ సాయంత్రమే వెనక వరండాలో బల్బు వేయించి, తన కుక్కను మా ఇంటికి తోలింది. ఆ కుక్క ఇప్పటికీ మాదే.

పాలు పొంగించే రోజు నేనూ ఉన్నాను. గిన్నె పొయ్యి మీద పెట్టమంటే రుఖియా పెట్టింది. పాలు పైకి రాగానే కెవ్వున అరిచి, ఉత్త చేతుల్తో గిన్నె పట్టి కిందికి దించేసింది. వేళ్ళు కాలాయి. పాలు పొంగబోయాయని కొడతారనుకుందో ఏమో, గోడకు ఆనుకుని వణికింది. పెద్దమ్మ ఆ వేళ్ళను నీళ్ళలో ముంచిపట్టి, "పొంగనియ్యాలె బిడ్డా, పొంగాలెననే పోసినం. ఈడ నిన్నెవ్వలు ఏమనరు" అని మళ్ళీ మళ్ళీ చెప్పింది. పిల్లకు మాట అర్థమైందో లేదో గానీ వణుకు తగ్గింది.

నాలుగు రోజులకే కాలనీ ప్రెసిడెంటు పదిమందిని వెంటేసుకుని వచ్చాడు. పెద్దమ్మ చాప పరిచి అందరికీ చాయ్ ఇచ్చింది.

"వాళ్ళను ఖాళీ చేపియ్యి పెద్దమ్మా. రేపు పోలీసులొస్తే?" అన్నాడాయన.

"వస్తే కుర్సీ ఏస్త. పేర్లు స్టేషన్ల రాపిచ్చుకొనే వచ్చిన్రు పిల్లలు. దాసిపెట్టినోళ్ళకు ఫికర్, నాకేంది?"

"కాలనీ మొత్తానికి ఏమన్నయితే?"

"అయితే మీ పిల్లలను గూడ నా కాడికే తోలున్రి. జర ఒత్తుకొని పండుకుంటరు."

చాయ్ తాగి వెళ్ళిపోయారు. చాయ్ బాగుందని కూడా ఎవరూ అనలేదు. పెద్దమ్మకు అదొక్కటే కోపం.

రెండేళ్ళలో పిల్లలు ఎదిగారు. రుఖియా జొన్నరొట్టె నాకంటే గుండ్రంగా చేస్తుంది. నా పక్కన నిలబెట్టి మరీ పెద్దమ్మ అది చెప్పేది. చిన్నవాడు "ఎట్లున్నవ్ అక్కా?" అంటే ఎవరైనా పక్కనున్న కోహీర్ పిల్లాడే అనుకుంటారు.

ఈ ఏడాది పెద్దమ్మ గుండె బాగా నీరసించింది. ఇక ఇంటి దగ్గరే ఉంచుకోమని డాక్టర్లు పంపేశారు. ఆమె తర్వాత ఆ ఇల్లు రాయికోడ్‌లో ఉండే మరిది కొడుకుది. మంచివాడే గానీ, ఎవరు గట్టిగా మాట్లాడితే వాళ్ళకు తలూపే రకం. పిల్లల్ని అక్కడే ఉండనిస్తానని ఆమె చెయ్యి పట్టుకుని మాటిచ్చాడు. అదే వారం ప్రెసిడెంటు ఆమె నిద్రపోయిందనుకుని, ఆమె గది గుమ్మంలోనే అతనితో అన్నాడు: "ఫికర్ వెట్టుకోకు. ముసలామె పోయినంక నక్షత్రం బాగలేదని ఇల్లు మూయిస్తం. వాళ్ళంతట వాళ్ళే పోతరు."

చెడు నక్షత్రంలో మనిషి పోతే ఆ ఇంటిని నెలల తరబడి మూసెయ్యాలని, ఏ గదిలోనూ ఎవరూ ఉండకూడదని మనలో ఒక పట్టింపు ఉంది కదా. ఇల్లు మూస్తే మళ్ళీ టూలెట్ బోర్డులు, మళ్ళీ తలుపులు. రుఖియా ఒక చోటికి, తమ్ముళ్ళు ఇంకో చోటికి.

మర్నాడు మా గేటు చప్పుడైంది. పెద్దమ్మ రుఖియా భుజం పట్టుకుని నిలబడి ఉంది. వెనక పెద్ద తమ్ముడి చేతిలో దుప్పటి, చిన్నవాడి నెత్తిన దిండు. ఆయాసపడుతూనే విన్నది విన్నట్టు చెప్పి, నా మొహంలోకి చూసి అడిగింది.

"నేను ఆ ఇంట్ల సావను బిడ్డా. నీ ఇంట్ల సస్త. ఇస్తవా జాగ?"

నాకు ఏడుపొచ్చింది. మా ఆయన వెళ్ళి ముందుగదిలో సోఫా జరిపి మంచం వేశాడు.

"నీ ఇల్లు మూయమంటరు మల్ల," అంది పడుకోబోతూ.

"మూయను" అన్నాను.

"మూయవని తెలిసే వచ్చిన. పొయ్యి మీద చాయ్ వెట్టు, అల్లం జర ఎక్కువెయ్యి."

ఆ మంచం మీదే ఉంది చివరిదాకా. కిటికీలోంచి తన ఇల్లు కనిపించేట్టు తల అటు పెట్టించుకుంది. వెనక వరండా బల్బు వెలిగిందా లేదా అని రోజూ అడిగేది.

ఆమె పోయాక మరిది కొడుకే కొరివి పెట్టాడు. ప్రెసిడెంటు పంతులుగారిని అడిగాడు. నక్షత్రం నిజంగానే మంచిది కాదట. ఎదురింటి వైపు చూశాడు. మరిది కొడుకు జీవితంలో మొదటిసారేమో, తల అడ్డంగా ఊపాడు. "మా పెద్దమ్మ ఆడ పోలేదు గదా" అన్నాడు. దాంతో అందరూ మా వైపు తిరిగారు. ఆరు నెలలు మూయాలమ్మా, మీ మంచికే చెప్తున్నాం అన్నారు.

"మూయం. నక్షత్రానికి ఇల్లు కావాలంటే వచ్చి ఉండమనండి. పెద్దమ్మ మంచం ఖాళీగానే ఉంది" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. పెద్దమ్మ వినుంటే బాగుండేది.

మూడో రోజు పొద్దున రుఖియా పాలగిన్నెతో వచ్చింది. నన్ను అడగలేదు, చెప్పులు విప్పి నేరుగా మా వంటింట్లోకి వెళ్ళి పొయ్యి వెలిగించింది. తమ్ముళ్ళిద్దరూ గుమ్మంలో నిలబడ్డారు. పాలు మెల్లగా పైకొచ్చాయి, అంచు దాటాయి, గట్టు మీదుగా నేల మీదికి కారాయి. రుఖియా రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, కదలకుండా చూస్తూ నిలబడింది.