బుర్స్, బరస్

రిహాబ్ బల్లుల మీద పరిశోధన చేస్తుంది. వారమంతా మిన్యాలోని ప్రయోగశాలలో గడిపి, శుక్రవారం నమాజు అయ్యాక మైక్రోబస్సెక్కి సొంత ఊరు వస్తుంది. అక్కడి యువజన కేంద్రంలో పిల్లలకు సైన్సు చెబుతుంది. జీతం లేదు, రమ్మని పిలిచినవాళ్లూ లేరు.

ఈజిప్టులో మా వైపు బల్లిని బుర్స్ అంటారు. ఒంటి మీద తెల్లమచ్చలు లేచే జబ్బు బరస్. మా అరబ్బీ రాతలో పొట్టి అచ్చులు పెట్టం కాబట్టి కాగితం మీద రెండూ ఒకటే మాట. బల్లి ఉప్పులో పొర్లుతుందనీ, ఆ ఉప్పు తిన్నవాళ్లకు మచ్చలొస్తాయనీ నమ్మకం. ఉప్పు డబ్బాకు మూత లేని ఇల్లు ఉండదు. ఆ భయం పిల్లలకైనా లేకుండా చేయాలని రిహాబ్ పంతం.

ఒక శుక్రవారం బల్లిని అరచేతిలో పెట్టుకుని చూపించింది. గుమ్మంలో నిలబడ్డ తల్లులు బల్లిని చూడలేదు, ఆమె మణికట్టు మీది తెల్లమచ్చను చూశారు.

“నీ చెయ్యే చెబుతోందిగా, ఇంక పాఠం దేనికి?” అంది కౌసర్. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే బెంచీ.

బల్లిని ముట్టకముందే, తొమ్మిదో ఏటే మచ్చ వచ్చిందని రిహాబ్ చెప్పింది. అయితే అప్పుడే ఆ ఉప్పు తినుంటావని కౌసర్ తేల్చేసింది. అందరూ నవ్వారు. రిహాబ్ తాగిన టీ గ్లాసును కౌసర్ వాళ్లింట్లో ఇప్పటికీ వేరుగా కడుగుతారు. చివరికి, ఆమె చేతులకు తొడుగులు వేసుకుంటే పిల్లల్ని పంపుతామన్నారు తల్లులు. సరేనంది.

మరుసటి వారం గది నిండింది. రిహాబ్ తొడుగులు వేసుకుని, బల్లి ఉన్న సీసా మూత తీయబోయి ఆగింది. ముట్టుకుంటే ఏమీ కాదని తొడుగుల చేత్తో చెబితే ఎవరు నమ్ముతారు? వాటిని విప్పి బల్ల మీద పెట్టింది. కౌసర్ కూతుర్ని రెక్క పట్టి లేపింది. మిగతావాళ్లూ వెనకే లేచారు.

ఆ పై వారం ఎవరూ రాలేదు. కేంద్రం ఊడ్చే ఉమ్ షౌకీ తాళం వేసుకోనా అని అడిగింది. కాసేపు చూద్దామంది రిహాబ్. చీకటి పడింది. ట్యూబ్‌లైటు పక్కన బల్లి కనబడగానే ఉమ్ షౌకీ చెప్పు తీసింది. రిహాబ్ వారించలేదు. చెప్పీ చెప్పీ అలసిపోయింది.

ఉమ్ షౌకీ ఆమె ముఖం చూసి చెప్పు మళ్లీ కాలికి తొడుక్కుంది.

“నువ్వు బాధపడతావని వదిలేశా డాక్టరమ్మా. మా ఇంట్లో అయితే చంపుదును.”

“వచ్చే వారం నువ్వు కూర్చో అత్తా. నీ ఒక్కదానికే చెబుతా.”

“నాకు వంట పనుంది తల్లీ,” అని ఉమ్ షౌకీ తాళం అందుకుంది.