ఎవరి పుట్టినరోజు ముందు

బండి చెడిపోయి రోడ్డు పక్కన నిలబడ్డ మనిషితో ఎలా మాట్లాడాలో ట్రూడీ బెండాకి బాగా తెలుసు. సీడర్ రాపిడ్స్ ఊళ్లో, ఆగిపోయిన బండ్లని లాక్కెళ్లే ఒక టోయింగ్ కంపెనీలో పెళ్లికి ముందునుంచీ ఫోన్ల దగ్గర కుర్చీ ఆమెదే. అవతలివాళ్లు అరుస్తారు, తిడతారు, చలికి పళ్లు కొట్టుకుంటుంటే మాట ముద్దగా వస్తుంది. ఆమె గొంతు మాత్రం పెరగదు. ఎక్కడున్నారు, బండిలో పిల్లలున్నారా, హీటర్ పనిచేస్తోందా అని వరసగా అడుగుతుంది. ఇన్సూరెన్స్ మాట ఆ తర్వాతే. మీ ఇన్సూరెన్స్ వాళ్లు అయిదు మైళ్లకే ఇస్తారు, మిగతాది మీరు కట్టుకోవాలి అని చెప్పేటప్పుడు కూడా అదే గొంతు. అప్పుడు అవతలినుంచి వచ్చే తిట్లు ఆమెకి ఏనాడో అలవాటైపోయాయి.

ఆ చలికాలం, తనకి కడుపులో ఏడో నెల దాటాక, ఆ తిట్లు ఎక్కడినుంచి పుడతాయో ఆమెకి అర్థం కాసాగింది.

మొదట్లో పని తేలికగానే కనిపించింది. కాన్పుకి ముందే పిల్లల డాక్టర్ని చూసుకోవాలి. ఆసుపత్రిలో చేరేటప్పుడే, ఇంకా బిడ్డ లోపలుండగానే, బిడ్డ డాక్టర్ ఎవరని అడుగుతారు. పేరు చెప్పలేకపోతే ఆ పూట డ్యూటీలో ఎవరుంటే వాళ్లే. కాబట్టి కడుపుతో ఉన్నవాళ్లంతా చేసే పనే ట్రూడీ కూడా చేసింది. మధ్యాహ్నం భోజనం వేళల్లో అపాయింట్‌మెంట్లు తీసుకుని ఒక్కో డాక్టర్నీ చూడ్డానికి వెళ్లింది.

ఒకాయన మాట్లాడుతున్నంతసేపూ తలుపు వైపు చూశాడు. ఇంకోచోట డాక్టరే రాలేదు. కడుపులతో ఉన్న జంటలందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి, బిస్కెట్లు పెట్టి, ఒక నర్సు తెరమీద బొమ్మలు చూపించింది. మూడో ఆవిడ డాక్టర్ రెన్నర్. యాభై దాటిన మనిషి, బిగించి కట్టిన జుట్టు, మోచేతి దగ్గర చిరుగు పడిన స్వెటర్. ట్రూడీ కాగితం మీద రాసుకొచ్చిన ప్రశ్నలన్నీ విని, చివర్లో తనే ఒకటి అడిగింది.

"ఇవన్నీ ఇంటర్నెట్‌లో దొరికే ప్రశ్నలే. నీకు అసలు భయం దేనిగురించి?"

ట్రూడీ కాగితం మడిచి పెట్టింది. తర్వాత అక్క కొడుకు సంగతి చెప్పింది. వాడికి చెవి నొప్పి వచ్చిన వారం, డాక్టరుగారి ఆఫీసుకి అక్క ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎక్కడో వేరే రాష్ట్రంలో కూర్చున్న నర్సు ఎత్తి, తెల్లారాక చూద్దాం అనేది. వాడికిప్పుడు పదేళ్లు. కుడి చెవి సరిగా వినపడదు.

"ఆఫీసు మూసేశాక ఫోన్లు ఎవరికి పోతాయి?" అని అడిగింది ట్రూడీ.

"నాకే. ఒక్కోసారి అంట్లు తోముకుంటూ ఎత్తుతాను. ఆ చప్పుడికి ఏమీ అనుకోకూడదు."

ఫోను ఎత్తే మనిషి విలువ ఫోనెత్తి బతికే మనిషికి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? ట్రూడీ ఆ గదిలోంచి బయటికొచ్చేలోపే నిర్ణయించేసుకుంది. కౌంటర్ దగ్గరున్న అమ్మాయి ఒక్క సంగతి మాత్రం చెప్పింది. రెన్నర్‌గారు కొత్తగా అప్పుడే పుట్టిన బిడ్డల్నే తీసుకుంటున్నారు. వేరే డాక్టర్ దగ్గర మొదలుపెట్టి, కొన్నాళ్లయ్యాక ఇక్కడికి మారతామంటే కుదరదు.

ఇక మిగిలింది ఇన్సూరెన్స్ వాళ్లని ఒక్క మాట అడగడం అనుకుంది.

మర్నాడు తన కంపెనీ ఇచ్చిన ఇన్సూరెన్స్ వాళ్లకి ఫోన్ చేసింది. డాక్టర్ రెన్నర్ మీరు డబ్బు కట్టే డాక్టర్ల జాబితాలో ఉందా, బిడ్డని చూపిస్తే మాకెంత పడుతుంది అని అడిగింది. ఉంది అన్నారు. ఎంతపడుతుందో చెప్పాలంటే బిడ్డ సభ్యత్వం నంబరు కావాలన్నారు. బిడ్డ ఇంకా పుట్టలేదంది. పుట్టని సభ్యుల ఖర్చు చూడ్డానికి తమ కంప్యూటర్లో వీలులేదన్నారు. పోనీ ఎవరో ఒక బిడ్డ అనుకుని చెప్పమంది. అవతలి కుర్రవాడు జాలిగానే అన్నాడు, "ఎవరో ఒక బిడ్డంటూ మా దగ్గర ఎవరూ ఉండరండి."

రెన్నర్ క్లినిక్‌కి ఫోన్ చేస్తే, ఖర్చు సంగతి ఇన్సూరెన్స్ వాళ్లనే అడగమన్నారు. మళ్లీ ఇన్సూరెన్స్‌కి చేస్తే, లైన్లో ఉండమని ఫోన్లో పియానో వాయించారు. ట్రూడీ ఒక చెవికి ఆ పియానో, ఇంకో చెవికి ఆఫీసు ఫోను పెట్టుకుని, వంతెన మీద ఆగిపోయిన ట్రక్కుకి బండిని పంపించింది. పాత డ్రైవరు మెర్ల్ కాఫీ పోసుకోవడానికొచ్చి, ఆమె ముఖం చూసి, "అమ్మాయ్, నా డొక్కు ట్రక్కు కోసం ఇంతకంటే త్వరగా మాట్లాడతారు. బిడ్డకి నాలుగు చక్రాలున్నాయని చెప్పి చూడు," అన్నాడు. ఆమెకి నవ్వు రాలేదు.

నాలుగోసారి చేసినప్పుడు ఫోనెత్తిన ఆడమనిషి వేరే ప్రశ్న అడిగింది. బిడ్డ తండ్రికి కూడా ఇన్సూరెన్స్ ఉందా?

ఉంది, మిల్లులో పనిచేస్తాడు, కానీ అది ఆయనొక్కడికే అంది ట్రూడీ.

ఆయన్ని ఒకసారి అడిగి కనుక్కోండి అందా మనిషి.

ఆ సాయంత్రం భర్త లైల్ పిండిమిల్లునుంచి వచ్చేటప్పటికి వాళ్లమ్మ ఆర్డిస్ కూడా ఇంట్లోనే ఉంది. ఓవెన్లో పెట్టడానికి బంగాళాదుంపలూ మాంసమూ కలిపిన పళ్లెం ఒకటీ, ప్లమ్ పండ్ల జామ్ పెట్టిన కొలాచీ బన్నులూ తెచ్చింది. లైల్ బూట్లు విప్పుతుండగానే ట్రూడీ అడిగింది. అతను జవాబు చెప్పకుండా ముసిముసిగా నవ్వాడు. 

"పుట్టాక చెబుదామనుకున్నా. నవంబరులో మిల్లు ఇన్సూరెన్స్‌ని ఫ్యామిలీ ప్లాన్‌కి మార్చేశాను. నీకూ, బిడ్డకీ. జనవరి నుంచి జీతంలో కోస్తూనే ఉన్నారు. నీది ఒకటి, నాది ఒకటి, రెండు ఇన్సూరెన్సులు. ఇహ మన జేబులోంచి పైసా కదలదు."

"అందుకేనా ఈ నెల కారు వాయిదా ఆలస్యమైంది?"

"అందుకే. కానీ లెక్క చూస్తే మనకే లాభం."

ఆర్డిస్ కొడుకుని మెచ్చుకోలుగా చూసింది. వాళ్ల నాన్నకి ఈ ముందుచూపు ఎక్కడ ఉండేది అంది. తన కాన్పుల నాటికి ఇవేవీ లేవనీ, డాక్టరే ఇంటికొచ్చేవాడనీ, వెళ్లేటప్పుడు ఒక డజను గుడ్లు ఇస్తే సంతోషించేవాడనీ కూడా అంది. ట్రూడీకి ఈ కథ ఇంతకుముందే తెలుసు. గుడ్ల లెక్క మాత్రం చెప్పిన ప్రతిసారీ పెరుగుతూ వచ్చింది.

మర్నాడు ట్రూడీ మళ్లీ ఫోన్ చేసి సంగతి చెప్పింది. తల్లిదండ్రులిద్దరి ఇన్సూరెన్సూ బిడ్డకి ఉంటే, ముందు ఎవరిది కట్టాలన్నదానికి ఒక పద్ధతి ఉందన్నారు. సంవత్సరంలో ఎవరి పుట్టినరోజు ముందొస్తే వాళ్లది. వయసుతో పనిలేదు, జీతంతో పనిలేదు. ఎవరిది మంచి ఇన్సూరెన్స్ అన్నదానితో అసలే పనిలేదు.

ట్రూడీది అక్టోబర్. లైల్‌ది జనవరి.

లైల్ ఇన్సూరెన్స్ జాబితాలో రెన్నర్ లేదు. ఆ జాబితాలో దగ్గరున్న డాక్టర్ ఎక్కడంటే, తెరమీద బొమ్మలు చూపించిన చోటే. అతని ఇన్సూరెన్స్ కట్టనంటే, తన ఇన్సూరెన్స్ కట్టాలి కదా అని అడిగింది ట్రూడీ. ముందు అక్కడ తేలాలి, వాళ్ల జాబితాలోని డాక్టర్ దగ్గరికి ఎందుకు వెళ్లలేదో మీరు వాళ్లకి చెప్పుకోవాలి, తర్వాత మేం చూస్తాం అన్నారు. ఎన్నాళ్లు పడుతుందంటే చెప్పలేమన్నారు.

మిల్లులో అడిగితే, ఏడాదికోసారి మార్చుకునే నవంబరు మళ్లీ వచ్చేదాకా ఫ్యామిలీ ప్లాన్ తీసెయ్యడానికి లేదన్నారట. మధ్యలో మార్చాలంటే ఇంట్లో పెద్ద మార్పు ఏదైనా జరగాలి. బిడ్డ పుట్టడం పెద్ద మార్పేనట. అప్పుడు అర్జీ పెట్టుకోవచ్చునట. కానీ మొదటి నెల మాత్రం పుట్టిన బిడ్డ దానంతటదే రెండు ప్లాన్లలోనూ చేరిపోతుంది. ఆ నెలలోనే బిడ్డని ఎక్కువసార్లు డాక్టరుకి చూపించాలి. ఆ నెల వేరేచోట గడిపితే, రెన్నర్ మళ్లీ తీసుకోదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర ట్రూడీ ప్లేటు ముట్టలేదు. "నన్నొక్క మాట అడిగుంటే?" అంది.

"సర్‌ప్రైజ్ చేద్దామనుకున్నాను."

"చేశావు."

లైల్ ఫోర్కుతో బంగాళాదుంపల్ని అటూ ఇటూ జరిపాడు. "ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు? పుట్టినరోజు మార్చుకోనా?"

"అది నీ చేతిలో లేదు. మీ అమ్మ కాస్త ఓపిక పట్టుండాల్సింది."

పళ్లెం తీసుకుపోదామని వచ్చిన ఆర్డిస్ గుమ్మంలోనే ఆగింది. "ఇంకెంత ఓపిక పట్టమంటావమ్మా, వీడు అప్పటికే రెండు వారాలు ఆలస్యం," అంది. "చెప్పిన రోజుకి పుట్టుంటే డిసెంబరే."

ట్రూడీ లేచి సింకు దగ్గరికెళ్లి నీళ్లు వదిలింది. తను ఏడుస్తున్నట్టు వాళ్లకి తెలియకూడదనుకుంది. తెలిసింది.

తర్వాతి వారాల్లో లైల్ తనే ఫోన్లు పట్టాడు. ఒక్కో షిఫ్టు మధ్యలో, తెల్లటి పిండి దుమ్ములో, చెవికి ఫోను ఆనించుకుని నిలబడేవాడట. ఇంటికొచ్చి కొత్త సంగతి ఒకటి చెప్పేవాడు. మర్నాడు దానికి పూర్తిగా వ్యతిరేకమైనది ఇంకొకటి చెప్పేవాడు. ఒకామె రెన్నర్‌ని ఒప్పుకుంటామంది. ఆమె పేరు అడిగి రాసుకున్నాడు. మళ్లీ చేస్తే ఆ పేరుగలవాళ్లు ఆ ఆఫీసులో లేరన్నారు. ఒకరోజు బాగా అలిసిపోయి, "పోనీ ఆ బిస్కెట్ల చోటికే వెళదాం ట్రూడీ. అక్కడా డాక్టర్లే కదా," అన్నాడు.

"అక్కడ ఫోనెవరు ఎత్తుతారు?"

అతనికి తెలియదు. ట్రూడీ కనుక్కుంది. ఆఫీసు వేళ దాటితే వేరే రాష్ట్రంలోని నర్సు.

మార్చి మొదట్లో, మంచు ఇంకా గట్టుల్లా పేరుకుని ఉండగానే, ఒక పొద్దున్న నొప్పులు మొదలయ్యాయి. ఆసుపత్రి కౌంటర్లోని ఆవిడ రెండు ఇన్సూరెన్స్ కార్డులూ తీసుకుని, టైపు చేస్తూ, బిడ్డ డాక్టర్ ఎవరని అడిగింది. ట్రూడీ కౌంటర్ అంచు పట్టుకుని వంగి ఉంది. 

"రెన్నర్," అన్నాడు లైల్.

ఆవిడ తెర చూసి, ఆ పేరు మొదటి ఇన్సూరెన్స్ జాబితాలో లేదంది. వేరే పేరు పెట్టమంటారా, లేకపోతే ఖర్చు మీ మీదే పడొచ్చు అంది.

లైల్ భార్య వైపు చూశాడు. ట్రూడీ ఊపిరి పీల్చుకుని తలెత్తింది. హైవే మీద ఇరుక్కున్నవాళ్లతో మాట్లాడే గొంతుతోనే, "ఆ పేరే రాసుకోండి," అంది.

ఆడపిల్ల పుట్టింది. వెరా అని పేరు పెట్టారు.

ఇంటికొచ్చాక వచ్చిన ఆదివారం మధ్యాహ్నం కిటికీ దగ్గర పాపని ఎత్తుకుని నిలబడితే, ముఖం పసుపు పూసినట్టు కనిపించింది ట్రూడీకి. కళ్లలో తెలుపు కూడా పచ్చబడింది. పొద్దుటినుంచి పాలు సరిగా తాగలేదు, లేపితే లేవడం లేదు. ఆర్డిస్ చూసి, పిల్లలకి అది మామూలే, ఎండలో కాసేపు పడుకోబెడితే పోతుందంది. ట్రూడీ ఫోన్ తీసుకుంది.

"రేపు చెయ్యొచ్చేమో," అన్నాడు లైల్. అని తనే సిగ్గుపడ్డాడు. ఎవరు కట్టాలో ఇంకా తేలలేదని ఇద్దరికీ తెలుసు. ఆసుపత్రి బిల్లు మీదే రెండు కంపెనీలూ నువ్వు ముందంటే నువ్వు ముందంటున్నాయి.

ట్రూడీ నంబరు నొక్కింది. ఒకసారి మోగింది. రెండుసార్లు మోగింది. పియానో వస్తుందని ఎదురుచూసింది.

"రెన్నర్," అంది అవతలినుంచి. వెనకాల నీళ్ల చప్పుడు, గిన్నెల చప్పుడు.

ట్రూడీ చెప్పాల్సిందంతా తన ఉద్యోగంలో తను వినగోరే వరసలోనే చెప్పింది. ఎప్పటినుంచి, ఎంతవరకు పచ్చబడింది, ఎన్ని డైపర్లు తడిసాయి. రెన్నర్ ఒకటి రెండు ప్రశ్నలు అడిగింది. పాదాలు కూడా పచ్చగా ఉన్నాయా? లేవు, పొట్ట వరకే. అయితే ఇప్పుడే బయల్దేరు, నేను క్లినిక్ తలుపు తీస్తాను, రక్తం పరీక్ష చెయ్యాలి అంది.

"డాక్టర్," అంది ట్రూడీ. "ఏ కార్డు తీసుకురమ్మంటారు? మాది ఇంకా..."

"రెండూ తీసుకురా," అంది రెన్నర్. "పాపని మర్చిపోకు."

పరీక్షలో కామెర్ల లెక్క ఎక్కువే వచ్చింది. అయినా ఆసుపత్రిలో చేర్చేంత లేదు. అది తగ్గడానికి నీలం కాంతినిచ్చే దుప్పటి ఇంటికిచ్చి పంపిస్తాననీ, రెండు గంటలకోసారి బలవంతంగానైనా లేపి పాలు పట్టమనీ చెప్పింది రెన్నర్. ఇంకొక రోజు ఆగి ఉంటే చేర్చాల్సి వచ్చేది అని కూడా అంది, ఎవర్నీ చూడకుండా, గ్లవ్స్ విప్పుకుంటూ.

మర్నాడు మళ్లీ రమ్మంది. సోమవారం క్లినిక్ నిండా జనం. ఎదురుచూసే గదిలో దగ్గుతున్న పిల్లలూ, వాళ్ల తడి బూట్లూ. కౌంటర్ దగ్గరమ్మాయి రెండు కార్డులకీ అటూ ఇటూ కాపీలు తీసింది. దుప్పటికి ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర ముందుగా అనుమతి తీసుకోలేదు కాబట్టి దాని అద్దె బహుశా ఎవరూ కట్టరని చెప్పింది. తర్వాత కంప్యూటర్ వైపు తిరిగి, తలెత్తకుండానే అడిగింది.

"మీ ఇద్దరిలో సంవత్సరంలో ఎవరి పుట్టినరోజు ముందొస్తుంది?"

ట్రూడీ పాపని భుజం మార్చుకుని, భర్త వైపు చూసింది. పిల్లలంతా చూస్తుండగా లైల్ బడిలో తప్పు చేసినవాడిలా చెయ్యెత్తాడు.