ఎనభై ఏడో ర్యాంకు

వీరాంజనేయులు గారిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. చెడ్డవారు కాదు. అమెరికాలో, ఇర్వింగ్ అనే ఊళ్ళో మా పక్క అపార్ట్‌మెంట్. ఎవరి కారు మొరాయించినా బ్యాటరీ కేబుళ్ళు పట్టుకుని ముందు దిగేది ఆయనే. తెనాలి నుంచి వచ్చి, పగలు ఉద్యోగం చేసి, రాత్రి చదువుకుని ఇంజనీరైన మనిషి. అంత కష్టపడ్డ మనిషికి ఇక్కడివాళ్ళ ఫుట్‌బాల్ దగ్గరికి వచ్చేసరికి బుర్ర ఎక్కడ తాకట్టు పెట్టేవారో నాకు అంతుపట్టేది కాదు.

ఆట మీద పిచ్చి ఉంటే సరిపెట్టుకోవచ్చు. ఈయనది ర్యాంకుల పిచ్చి. ఇక్కడి కాలేజీ జట్లు ఏటా ఫిబ్రవరిలో హైస్కూలు కుర్రాళ్ళ చేత తమ జట్టులో చేరతామని సంతకాలు పెట్టించుకుంటాయి. ఏ కాలేజీకి ఎలాంటివాళ్ళు దొరికారో చూసి ఆ బ్యాచ్‌లకి ర్యాంకులిచ్చే పెద్దమనుషులు కొందరున్నారు. ఆ కుర్రాళ్ళు కాలేజీ మైదానంలో అప్పటికింకా కాలైనా పెట్టి ఉండరు. అయినా సరే, ఆఫీసులో లంచ్ దగ్గర ఈయనా, ఈయన జట్టునే అభిమానించే గ్యారీ అనే సహోద్యోగీ ఒకవైపు, మరో నలుగురు ఇంకోవైపు చేరి మా బ్యాచ్ గొప్పంటే మా బ్యాచ్ గొప్పని గొంతులు చించుకునేవారు. సాయంత్రం రేడియోలో అభిమానులు ఫోన్ చేసి పోట్లాడుకునే ప్రోగ్రాం వస్తే, ఆయన భార్య మీనాక్షి కంచం పెట్టి ఎన్నిసార్లు పిలిచినా కదిలేవారు కారు.

"ఎంట్రన్స్ ర్యాంకు లాంటిదేనమ్మా శాంతీ ఇదీ" అనేవారు నాతో.

"మరి పరీక్ష ఎవరు పెట్టారన్నయ్యగారూ?" అంటే వినపడనట్టు రేడియో సౌండ్ పెంచేవారు.

వాళ్ళబ్బాయి రాజ్ ఇక్కడే పుట్టాడు. చిన్నప్పుడు సాకర్ ఆడి, హైస్కూల్లో కిక్కర్ అయ్యాడు. గోల్ స్తంభాల మధ్యలోంచి బంతి తన్నడమే వాడి పని. అలా తన్నాలంటే బంతిని నేల మీద నిలబెట్టి వేలితో పట్టుకునే మనిషి ఒకరుండాలి. ఆదివారాలు మా వెనక పార్కులో ఆ మనిషి వీరాంజనేయులు గారే. గడ్డిలో మోకాలేసుకుని, వాడి కాలు తన చేతికి తగులుతుందేమోనని కళ్ళు గట్టిగా మూసుకుని బంతి పట్టుకునేవారు. మీనాక్షీ నేనూ బాల్కనీలోంచి చూసి నవ్వుకునేవాళ్ళం. నిజం చెప్పాలంటే ఆ మనిషి నాకు నచ్చింది అప్పుడు మాత్రమే.

రాజ్ హైస్కూల్లో చివరి ఏడు, ఎనభై నాలుగులో, ఓ చిన్న కాలేజీ నుంచి డాయిల్ అనే కోచ్ వాళ్ళింటికి వచ్చాడు. పులిహోర మళ్ళీ వడ్డించుకుని మరీ తిన్నాడు. "నా దగ్గర ఈసారి ఒక్క కిక్కర్‌కే చోటుంది. అది మీవాడికే ఇవ్వాలని ఉంది. ఫిబ్రవరిలో కాగితాలు తెస్తాను" అన్నాడు. రాజ్ ముఖం చూడాలి అప్పుడు!

ఆయన కారు కదిలిందో లేదో, తండ్రి పెదవి విరిచారు. "ఆ కాలేజీ బ్యాచ్‌కి ర్యాంకే ఇవ్వరురా."

"బట్ నాన్నా, ఆయన నన్ను చూడ్డానికి వచ్చాడు. ఐ వాంట్ టు ప్లే. అక్కడ ఆడిస్తారు నన్ను" అన్నాడు రాజ్.

ఈయన మనసంతా తను అభిమానించే పెద్ద యూనివర్సిటీ మీదే ఉంది. ఓసారి హైస్కూలు మ్యాచ్ అయ్యాక వాళ్ళ అసిస్టెంట్ కోచ్ ఒకాయన చెయ్యి కలిపి, "బాగా తన్నాడు సార్ మీవాడు. మేం గమనిస్తూనే ఉంటాం" అన్నాడట. అంతే, మాట ఇచ్చేశాడని లెక్క వేసుకున్నారు.

"ఇక్కడ అందరూ అలాగే అంటారన్నయ్యగారూ! ఎప్పుడైనా మా ఇంటికి రండని కూడా అంటారు. మనం వెళ్ళామా?" అన్నాను.

"పెద్దమనిషి చెయ్యి కలిపి చెప్పాడమ్మా" అని కొట్టిపారేశారు.

డిసెంబరులో, ఆ ర్యాంకులిచ్చే పెద్దమనుషుల్లో హ్యాంక్ పర్విస్ అనే ఆయన తన పత్రికలో రాష్ట్రంలోని మేటి కుర్రాళ్ళ జాబితా వేశాడు. అందులో రాజ్ లేడు. వీరాంజనేయులు గారికి అన్నం సహించలేదు. మన దగ్గర మార్కులు తగ్గితే ఏం చేస్తాం? రీవాల్యుయేషన్‌కి పెడతాం. ఆయనా అదే చేద్దామన్నారు. మీనాక్షి బతిమాలితే నేనూ కారెక్కాను, నేను చేసిన మైసూర్‌పాక్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని.

పర్విస్ ఆఫీసు వాళ్ళ గ్యారేజీయే. ఓ మూల లాన్ మూవర్, ఇంకో మూల టైప్‌రైటరు. మైసూర్‌పాక్ కొరుక్కుంటూ ఆయన అడిగింది ఒక్కటే: "ఈ కుర్రాడి వెంట ఎవరు పడుతున్నారు?"

వీరాంజనేయులు గారు పెద్ద యూనివర్సిటీ పేరు చెప్పారు. "మాట కూడా ఇచ్చారు" అన్నారు. ఆ మనిషి అబద్ధం చెప్పలేదు, మనస్ఫూర్తిగా నమ్మే చెప్పారు. అదే నా కడుపుమంట. పర్విస్ రాసుకున్నాడు. బంతి ఎంత దూరం తంతాడని మాటవరసకైనా అడగలేదు. పెద్ద కాలేజీ అడిగితే మంచి ఆటగాడు, మంచి ఆటగాళ్ళుంటే పెద్ద కాలేజీ! ఈ గానుగెద్దు తిరుగుడు కోసమా వీళ్ళు అన్నాలు మానేసి కొట్టుకునేది?

జనవరి సంచికలో రాజ్‌కి ఎనభై ఏడో ర్యాంకు వచ్చింది. పక్కనే ఆ యూనివర్సిటీ పేరు, 'ఖాయం' అన్న మాట. తండ్రి జిరాక్సులు తీయించి ఆఫీసులో పంచారు.

"నేను ఎవరికీ ఎస్ చెప్పలేదు నాన్నా! హూ టోల్డ్ హిమ్?" అన్నాడు రాజ్.

"ర్యాంకొచ్చిందిరా!" అన్నారాయన.

ఆ వారంలోనే కోచ్ డాయిల్ ఫోన్ చేశాడు. రాజ్‌కి అభినందనలు చెప్పాడు. పర్విస్ పత్రిక చూశానని, తన దగ్గరున్న ఒక్క చోటూ అబిలీన్ అనే ఊరి కుర్రాడికి ఇచ్చేశానని అన్నాడు. అదంతా నిజం కాదని రాజ్ చెప్పబోయాడు. "ఆ అబ్బాయికి మాటిచ్చేశాను బాబూ. ముందే నాకు ఓ ఫోన్ చేయాల్సింది" అన్నాడాయన. అది నిజంగా ఇచ్చిన మాట.

తండ్రి హడావిడిగా పెద్ద యూనివర్సిటీకి ఫోన్ చేశారు. ఈసారి కిక్కర్లని తీసుకోవడం లేదని ఎవరో అమ్మాయి ఎంతో మర్యాదగా చెప్పింది.

ఫిబ్రవరిలో సంతకాల రోజు వచ్చింది. సాయంత్రం నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. రాజ్ కంచం ముందు కూర్చున్నాడు గానీ ముద్ద ఎత్తడం లేదు. ఫోన్ మోగింది. అవతల గ్యారీ అరుస్తున్నాడు. పర్విస్ రేడియోలో మాట్లాడాడట. రాజ్ సంతకం పెట్టలేదు కాబట్టి వాళ్ళిద్దరూ అభిమానించే ఆ పెద్ద యూనివర్సిటీ బ్యాచ్ మొదటి ర్యాంకు నుంచి రెండుకి దిగిపోయిందట. మీవాడి వల్లే అని ఆయన గోల. ఆ పిల్లాడు ఇక ఎక్కడ ఆడతాడన్న ప్రశ్న మాత్రం లేదు.

ఫోన్ విసిరికొడతారనుకున్నాను. వీరాంజనేయులు గారు గొంతు సవరించుకున్నారు.

"నో నో గ్యారీ. కిక్కర్ వల్ల ర్యాంకు పోదు. కిక్కర్‌కి అంత వెయిట్ ఇవ్వరు. మనం దెబ్బతిన్నది ఆ హ్యూస్టన్ కుర్రాడు చేజారడం వల్ల..."

రాజ్ లేచాడు. కంచం సింకులో పెట్టి, బూట్లు వేసుకుని, బంతి తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

"ఫోన్ పెట్టేయండన్నయ్యగారూ!" అని అరిచాను. జీవితంలో పెద్దవాళ్ళ మీద అలా అరవడం అదే మొదలు. ఆయన ఉలిక్కిపడి ఖాళీ కుర్చీ వంక చూశారు. రిసీవర్ అలాగే వదిలేసి, చెప్పులైనా లేకుండా మెట్లు దిగారు.

మీనాక్షీ నేనూ బాల్కనీలోకి వెళ్ళాం. ఆయన రాజ్ పక్కన పడున్న బంతి తీసుకుని, మోకాలేసి కూర్చుని, నిలబెట్టి వేలితో పట్టుకున్నారు. ఈసారి కళ్ళు మూసుకోలేదు. కొడుకు వంకే చూస్తున్నారు.

రాజ్ వంగి బూట్లు విప్పి చేత్తో పట్టుకుని, ఆయన పక్కనుంచి మెట్ల వైపు నడిచాడు.

"వచ్చేటప్పుడు బంతి తెచ్చెయ్ నాన్నా" అన్నాడు.