కుసుమగారి బొట్టుబిళ్ళలు

ఇవాళ పొద్దున కొత్త స్టిక్కర్ల అట్టలోంచి ఒక ఎర్ర బిళ్ళ ఊడదీశాను. వేలి కొసకి ఆ జిగురు తగలగానే నా పై పళ్ళూ కింది పళ్ళూ వాటంతట అవే విడివడ్డాయి, భుజాలు కిందికి దిగాయి. నుదుట పెట్టుకునే బిళ్ళకీ దవడకీ ఏం సంబంధమంటే, డాక్టర్ కుసుమగారి గురించి చెప్పాలి. ఆవిణ్ణి మీరు చూసి ఉండరు. పొట్టి మనిషి, ముతక నేత చీర, గది దాటి వినిపించే గొంతు. విజయనగరంలో ఆటోవాళ్ళు కూడా ఆవిణ్ణి ‘దవడ డాక్టరమ్మ’ అనే అనేవారు.

మాది విజయనగరానికి దగ్గర్లో ఒక పల్లె. మా వైపు ఆడపిల్లలు బరువులెత్తుతారు. వరీ నువ్వులూ పండించుకునే ఇళ్ళలోంచి వచ్చి, రేకుల షెడ్డులో ఇనుప ప్లేట్లతో కుస్తీ పట్టి, పతకాలు తెచ్చుకుని, వాటి మీద రైల్వేలోనో పోలీసులోనో ఉద్యోగం సంపాదించుకుంటారు. నేనూ అదే దారి పట్టాను. తీరా సెలక్షన్లు దగ్గరపడుతున్నాయనగా కుడి చెవి ముందు నొప్పి మొదలైంది. నోరు తెరిస్తే కీలు టిక్కుమనేది. అన్నం ముద్ద నోటి దాకా వెళ్ళేసరికి దవడ సగంలో ఆగిపోయేది. కణత నుంచి మెడ దాకా ఒకటే సలుపు. చెవి డాక్టరు చుక్కల మందు వేశాడు. పళ్ళ డాక్టరు ఒక దంతం పీకేశాడు, నొప్పి మాత్రం ఉన్నచోటే ఉంది. ఇంకొకాయన నరమన్నాడు. చివరికి అందరూ ఒక్క మాట మీదికే వచ్చారు, బరువులు మానెయ్యమని. అవి మానేస్తే నాకు ఉద్యోగం లేదు. నోరు తెరుచుకోని మనిషికి గట్టిగా ఏడవడం కూడా కష్టమేనని అప్పుడే తెలిసింది.

ఎవరో చెబితే దంత వైద్య కళాశాలకి వెళ్ళాను. అక్కడ కుసుమగారు దవడ కీలు నొప్పుల మీద పరిశోధన చేస్తున్నారు. ఆవిడ నా వెనక నిలబడి, రెండు చెవుల ముందూ వేళ్ళు ఆనించి, నోరు తెరువు, ముయ్యి అంటూ చాలాసేపు చూశారు. నాకు ఓపిక పోయింది.

“డాక్టరమ్మా, బరువులవల్లే వచ్చినాదా ఇది? నాను మానీయాలా?”

“నాకు తెలీదమ్మా.”

తెల్లబోయాను. అంతకు ముందు చూసినవాళ్ళందరికీ అన్నీ తెలుసు మరి. “తెలీదంటే మరేటి సేస్తారు?”

“తెలుసుకుంటాను. నువ్వు ఎత్తేటప్పుడు చూడాలి. ఎప్పుడు రమ్మంటావు?”

తన పరిశోధనలో చేరతావా అని అడిగారు. ఒప్పుకున్నాక చీటీ తీయించారు. ఒక జట్టుకి నిద్రలో పళ్ళ మధ్య పెట్టుకునే తొడుగు ఇస్తారు. ఇంకో జట్టుకి దవడ వ్యాయామాలు నేర్పి, పగటి అలవాట్లు దిద్దుతారు. నాకు రెండోది వచ్చింది. నా బతుకులో ఏ చీటీ కలిసొచ్చింది గనక! తొడుగే కావాలని పోట్లాడాను. ఆవిడ కోప్పడలేదు.

“ఏది మంచిదో నాకు ముందే తెలిస్తే, తెలిసీ నీచేత చీటీ తీయించడం అన్యాయం కదూ? తెలీదు కాబట్టే తీయించాను. ఇష్టం లేకపోతే ఇప్పుడే మానుకో. నీకు వైద్యం ఎలాగూ చేస్తాను” అన్నారు. అంతవరకూ నన్ను అలా సాటి మనిషిలా కూర్చోబెట్టి చెప్పినవాళ్ళు లేరు. ఉండిపోయాను.

అన్నట్టుగానే ఒక సాయంత్రం మా షెడ్డుకి వచ్చారు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, బిస్కెట్లు టీలో ముంచి మెత్తబడేదాకా ఆగి మరీ తిన్నారు. పెద్దింటి మర్యాద కాబోలనుకుని మేం నవ్వుకున్నాం. ఎవరు బరువెత్తినా అందరి కళ్ళూ రాడ్డు మీదే ఉంటాయి. ఆవిడ కళ్ళు మాత్రం నా మొహం మీదే ఉన్నాయి. నా వంతు అయిపోయి బల్ల మీద కూర్చున్నా చూపు తిప్పలేదు. చివరికి లేచి వచ్చి నా చెంప మీద చెయ్యి వేశారు.

“ఇప్పుడు నీ పళ్ళు ఎక్కడున్నాయి?”

“నోట్లో.”

పిల్లలంతా గొల్లున నవ్వారు. ఆవిడా నవ్వారు. “అది నాకూ తెలుసు. కలిసున్నాయా, విడిగా ఉన్నాయా?”

కలిసే ఉన్నాయి. తాళం వేసినట్టు బిగుసుకుని ఉన్నాయి.

“రాడ్డు దించేశాక కూడా నువ్వు దవడ వదల్లేదు. గంట నుంచి చూస్తున్నాను. ఊరికే ఉన్నప్పుడు పళ్ళు ఒకదాన్నొకటి తాకనక్కర్లేదమ్మా. ఇందాకట్నుంచీ ఏం ఆలోచిస్తున్నావు?”

“ఉజ్జోగం వస్తాదో రాదోనని.”

“బరువులు మానక్కర్లేదనే అనుకుంటున్నాను. ముందు ఈ బిగింపు మానిపించి చూద్దాం.”

మానక్కర్లేదన్న మాట విన్నాక ఇంకేం వినిపించలేదు. 

ఆవిడ చేతిసంచీలోంచి స్టిక్కర్ల అట్ట తీసి ఇచ్చారు. నా కళ్ళు పడేచోటల్లా ఒకటి అంటించాలి, అది కనబడ్డప్పుడల్లా పెదాలు కలిపి పళ్ళు విడిగా ఉంచాలి. అంతే. నేను గుమ్మానికీ, నీళ్ళ బిందెకీ, టీవీకీ, ఆఖరికి గేదె కొమ్ముకి కూడా అంటించాను. పొలం నుంచి వచ్చిన మా అమ్మ అది చూసి గుండెలు బాదుకుంది.

“ఒసే పైడీ! గుమ్మానికి బొట్టు, బిందికి బొట్టు, గేదె కొమ్ముకీ బొట్టేటే! ఎవులో సిల్లంగి పెట్టీసినారే మనకి!”

చేతబడీ కాదు, ఏమీ కాదని నేను చెప్పేలోగా అన్నీ గీకి పొయ్యిలో పడేసి, ఎండుమిరపకాయలతో గేదెకి దిష్టి తీసింది. డాక్టరమ్మ చెప్పిందంటే నమ్మలేదు. మర్నాడు బస్సెక్కి ఆవిణ్ణి నిలదీయడానికే వెళ్ళింది. సాయంత్రం రెండు అట్టలు పట్టుకుని వచ్చింది.

“నాకూ కణతలు పోటెడతాయి కదే. నాను కూడా పళ్ళు బిగించీసే ఉంతన్నానట. గేదె కొమ్ము మాత్రం వొద్దు, దానికి సిరాకు.”

నొప్పి ఒక్కసారిగా పోలేదు. ఉప్పు కాపడాలు, వ్యాయామాలు, బిళ్ళలు అలా సాగుతూ ఉండగా, ఒకనాడు మొక్కజొన్న పొత్తు కొరుకుతూ నొప్పి గురించి మరిచిపోయానని గమనించాను. కుసుమగారి దగ్గరికి పరుగెత్తి, నోరు బార్లా తెరిచి, మూడు వేళ్ళు నిలువుగా పెట్టి చూపించాను. ఆవిడ చప్పట్లు కొట్టారు. మీవల్లే అంటే మాత్రం ఒప్పుకోలేదు. “దానంతట అదే తగ్గి ఉండొచ్చు. నీ ఒక్కదాన్ని చూసి చెప్పలేను. అందరి లెక్కలూ తేలాలి” అన్నారు. పొగడ్త కూడా పరీక్షించి గానీ పుచ్చుకోని మనిషి. మొదటిసారి సెలక్షన్లలో తప్పాను, మళ్ళీ ఎత్తి రైల్వేలో ఉద్యోగం తెచ్చుకున్నాను.

ఆవిడ రిటైరై శృంగవరపుకోట వెళ్ళిపోయేముందు మా అమ్మ చేసిన జంతికలు తీసుకెళ్ళాను. డబ్బా అందుకుని, “ఇంట్లోవాళ్ళు ఇష్టంగా తింటారు” అని పక్కన పెట్టారు. బల్ల మీద కళ్ళజోడు పెట్టె ఉంది. దాని మీద రంగు వెలిసిన బొట్టుబిళ్ళ ఉంది. నాకు టీలో మెత్తబడ్డ బిస్కెట్లు గుర్తొచ్చాయి.

“మీకు కూడానా?”

“నీకంటే చాలా ముందు నుంచీ. ఎడమవైపు.”

“తగ్గలేదా?”

“కొన్నాళ్ళు తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది. నాలాంటివాళ్ళు కొందరుంటారు. ఎందుకో ఇంకా తెలీదు.” అని నవ్వారు. “నువ్వు మూడు వేళ్ళు చూపించిన రోజు మాత్రం ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోయాను.”

నాకు ఏడుపొచ్చింది. ఈసారి నోరు బాగానే తెరుచుకుంది.

ఇప్పుడు నేను టికెట్ల కౌంటర్లో కూర్చుంటాను. క్యూలో జనం అరుస్తుంటారు, ప్రింటరు మొరాయిస్తుంది, కంప్యూటరు మూలనున్న ఎర్ర బిళ్ళ మీద కళ్ళు పడగానే పళ్ళు విడిపోతాయి. అప్పుడు శృంగవరపుకోటలో ఆవిడ దవడ కూడా కాస్త వదులైతే బావుణ్ణని అనుకుంటాను. అలా అవుతుందా అంటే, ఆవిడ నేర్పిన జవాబే నాదీ. తెలీదు. నిన్న పాత బిళ్ళ ఊడిపోయింది. పొద్దున తీసిన ఈ బిళ్ళ అక్కడికే.