వదిన గూటికి పట్టిన ఎలుక

మొన్న చలి ముదిరిందని మా కోడలు పెరట్లో కోళ్ళ గూటి చుట్టూ నీలం పట్టా బిగించి కట్టింది. పైన కాస్త వదలమ్మా అని చెప్పొచ్చు. ఎందుకత్తయ్యా అని అడిగితే మొత్తం చెప్పాల్సి వస్తుంది. అందుకని, ఆ పిల్ల లోపలికి వెళ్ళేదాకా ఆగి, కత్తెరతో పట్టాకి కన్నం చేసి వచ్చాను. ఈ దొంగపని నాకు కొత్త కాదు.

ఎనభైల్లో మేం నూజివీడు పక్కన మామిడితోటల దగ్గర పాకల్లో ఉండేవాళ్ళం. ఎండాకాలమంతా షావుకారుగారి గోడౌన్లో కాయలు మాగవేసే పని నాది. వరిగడ్డి పరిచి, కాయ పేర్చి, మళ్ళీ గడ్డి కప్పి, గాలి చొరకుండా తలుపు మూస్తే లోపల వేడి పుట్టి కాయ రంగు తిరిగేది. ఆ పనిలో నాకు మంచి పేరు. ఆ పేరే కొంప ముంచింది. నా కొంప కాదు, పక్క పాకలో ఉండే వదినది. వదినంటే వరస కలుపుకున్న వదిన. ఒంటరి మనిషి. ఐదు కోళ్ళు, రెండు బాతులు, వాటితోనే ఆవిడ మాటలన్నీ. చలి మొదలవగానే గూట్లో బూడిద చల్లి ఎండుగడ్డి పరిచేది, బాతులు తడిపిన గడ్డి ఏ రోజుకారోజు తీసేసేది, వాకిలికి గోనె వేలాడగట్టేది. గూటి పైభాగాన అరచెయ్యంత కన్నం మాత్రం మూసేది కాదు. ఆ ఏడు వరికోతలకి ఉంగుటూరు వైపు వెళ్తూ, "గడ్డి మార్చు, గోనె దించు, అంతే. నీ తెలివి మాత్రం చూపించకే తల్లీ," అంది.

చూపించాను. మంచు బాగా దిగిన ఓ సాయంత్రం, కాయలకి పుట్టే వేడి కోళ్ళకి పుట్టదా అనుకుని, గూటినిండా గడ్డి కూరి, కన్నం మట్టితో మెత్తి, వాకిలికి చెక్క అడ్డం పెట్టి గోనెలు కుక్కాను. తెల్లారి చెక్క తీస్తే, మాగేసిన గది తెరిచినప్పటి ఆవిరే మొహాన కొట్టింది. ఐదు కోళ్ళూ బిగుసుకుపోయి ఉన్నాయి. బాతులు రెండూ చెక్క కింది సందులో ముక్కులు పెట్టుకుని బతికాయి. అప్పుడు నేను ముందు చేసిన పని ఏడవడం కాదు. పుల్లతో కన్నం తోడేసి, గడ్డంతా పెంట మీద పారబోశాను.

వదిన తిరిగొచ్చాక, "చలికి పోయాయి వదినా," అన్నాను. ఆవిడ గూటి ముందు గొంతుకూర్చుంది. "నీదేం తప్పే పిల్లా. అంత కన్నం ఉంచాను, పాపిష్టిదాన్ని," అని అప్పటికప్పుడు మట్టి కలిపి కన్నం మూసేసింది. ఇక లోపలికి వెళ్ళాల్సింది బాతులు. నేను నోరు తెరిస్తే చాలు. తెరవలేదు. ఆవిడ నీళ్ళకి వెళ్ళినప్పుడు పుల్లతో మట్టి పొడిచి వచ్చాను. మర్నాడు ఆవిడ మళ్ళీ మెత్తింది, నేను మళ్ళీ పొడిచాను.

"ఏ ముదనష్టపు ఎలుకో గానీ, బాతుల్ని కూడా చలికి చంపేదాకా ఊరుకునేట్టు లేదే ఇది. దీని పళ్ళు రాలిపోను," అని నా ఎదుటే తిట్టేది.

"బోను పెడదాం వదినా," అన్నాను. ఆ మాట కూడా అన్నాను.

బాతులు చలికాలం గట్టెక్కాయి. తర్వాత పెట్టిన మొదటి గుడ్డు వదిన నాకే తెచ్చిచ్చింది, "నా గూటి కోసం నాకంటే ఎక్కువ తిరిగావే" అంటూ. తిన్నాను. రేపు చెబుదాంలే అనుకుంటూనే ఎన్నో చలికాలాలు దాటించాను. ఆ రేపు కాస్తా వదినతోపాటే వెళ్ళిపోయింది. ఎలుక మాత్రం ఇంకా బతికే ఉంది.