గింజ ఊడేదాకా

మొన్న కోడలు పూలకుండీ జరుపుతుంటే దాని కిందినుంచి అరచేయంత నల్లతేలు బయటికి వచ్చింది. ఆమె మంచమెక్కింది, మనవడు చీపురు కోసం పరుగెత్తాడు, వనపర్తిలో మా వీధి సగం మా వాకిట్లో చేరింది. నేను మాత్రం కుర్చీలోంచి కదలలేదు. "నల్లదే. నొప్పి పుట్టిస్తది గాని పానం తీసేది గాదు. సన్నగ, ఎర్రగ ఉంటదే, దానికి భయపడాలె" అన్నాను. ముసలామెకు చాదస్తం ముదిరిందన్నట్టు వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఈ ముక్క మా పుట్టింట్లో ఎవరికైనా ముందే తెలిసి ఉంటే నాకీ చాదస్తం పట్టేదే కాదు.

మా పుట్టిల్లు గద్వాల. సంస్థానం రోజులు. నేతగాళ్ల ఇళ్లలో అప్పుడు గుంట మగ్గాలే. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించుకుని కూర్చుని చీర నేయాలి. ఆ గుంటలో చల్లదనం తేళ్లకు మహా ఇష్టం. మా నాన్న పొద్దున్నే కర్రతో గుంటంతా కలియబెట్టి, లోపల ఎవరూ కాపురం పెట్టలేదని నమ్మకం కుదిరాకే కాళ్లు దించేవాడు. అయినా అప్పుడప్పుడు కుట్టేవి. కుడితే మా తాత ఉండనే ఉన్నాడు. చింతగింజను తడిరాతి మీద అరగదీసి కుట్టినచోట అంటిస్తే అది గట్టిగా పట్టుకునేది. విషమంతా తాగాక దానంతట అదే ఊడిపడుతుందని తాత చెప్పేవాడు. ఊడేదాకా మనిషి కదలకూడదు, కన్నతల్లి ముట్టుకోకూడదు. తల్లి చెయ్యి తగిలితే విషం ఎదురుతిరుగుతుందట. ఎందుకు తిరుగుతుందని ఆయన్ను అడిగినవాళ్లు లేరు.

అయిజ దిక్కునుంచి కూడా బండ్లు కట్టుకుని వచ్చేవారు. మీసాలు మెలేసిన పహిల్వాను ఒకడు మా తాత ఒళ్లో తల పెట్టుకుని "అవ్వా, అవ్వా" అని బావురుమన్నాడు. ఆ అవ్వను వాకిలి అవతలే ఆపేస్తే, ఆమె అక్కడినుంచే కొడుకుతో పోటీపడి ఏడ్చింది. మేం పిల్లలం ఆ ఇద్దరినీ అనుకరిస్తూ ఎన్నాళ్లో నవ్వుకున్నాం. తాత మాత్రం గింజ అంటించి, వానల గురించీ ఎడ్ల గురించీ తాపీగా మాట్లాడుతూ కూర్చునేవాడు. ఆ మాటల్లోనే పొద్దు గూకేది, నొప్పి దిగేది. తేలుపోటు చాలామందికి ఏ మందూ లేకుండానే తగ్గిపోతుందని ఇప్పుడు తెలుసు. అప్పుడది తాత హస్తవాసి. బావి దగ్గర మా తాత ఇంతటివాడు, అంతటివాడని నేను కోసిన కోతలకు లెక్కలేదు.

నా తమ్ముడికి అప్పుడప్పుడే మాటలు వస్తున్నాయి. ఎండాకాలం, పొద్దెక్కాక, నాన్న నేస్తుండగా వాడు మగ్గం పక్కన పడి ఉన్న గోనెపట్టా కింద చెయ్యి పెట్టాడు. కెవ్వుమన్నాడు. నాన్న పట్టా ఎత్తి చెప్పుతో కొట్టిన తేలు నా చిటికెన వేలంత కూడా లేదు, ఎర్రగా ఉంది. తాత వంగి చూసి నవ్వాడు. "దీనికేముందిరా విషం! నల్లదైతె పరేషాన్ కావాలె గాని." అమ్మను గడప అవతల ఉండమని, వాణ్ణి చాప మీద పడుకోబెట్టి గింజ అంటించాడు. మనవడి కోసమని ఇంకా శ్రద్ధగా అరగదీశాడు, పాపం.

వాడు రెండుసార్లు కక్కుకున్నాడు. ఒళ్లంతా చెమట. కాసేపటికి ఏడుపు ఆగిపోయింది. తాత వాడి అరికాళ్లు పట్టి చూసి, "సల్లబడ్డడు సూడుండ్రి, మంట తగ్గింది" అన్నాడు.

"గట్ల గాదు మామా. పిల్లగాడు నాదిక్కు సూస్తలేడు. జర ఎత్తుకుంట, ఒక్కసారి" అంది అమ్మ.

"గింజ ఊడనీయమ్మా. ఇంతసేపు ఓర్చుకుంటివి."

నాన్న లేచి నిలబడ్డాడు. "దవాఖానకు తోల్కపోదాం, నాయనా."

"గింజ ఉండంగ కదిలిస్తె విషం పైకెక్కుతది. నాకు తెల్వదా?"

మా ఇంట్లో ఆయన మాటకు ఎదురు లేదు. నాన్న మళ్లీ కూర్చున్నాడు. అమ్మ గడప పట్టుకుని నిలబడే ఉంది. చివరికి గింజ జారి చాప మీద పడింది. వాడి చెమటకు నాని జారిందని ఈ వయసులో నాకు అర్థమవుతోంది. తాత సంతోషంగా "ఊడింది! ఇగ ఎత్తుకో బిడ్డా" అని కేకేశాడు. అమ్మ ఒక్క ఉదుటున వచ్చి ఎత్తుకుంది. వాడి తల ఆమె భుజం మీద నిలవలేదు.

తాత ఆ తర్వాత గింజ ముట్టలేదు. ఎవరొచ్చినా "నా చెయ్యి పోయింది, దవాఖానకు పోండ్రి" అనేవాడు. చెయ్యి పోయిందన్నాడే గాని, ఆ గింజలో ఏమీ లేదని చివరిదాకా ఆయన నోట రాలేదు. అది నేనిప్పటికీ క్షమించలేను. ఎందుకంటే గద్వాలలో అమ్మలక్కలు మరో మాట అల్లారు: తల్లి ఆగలేక మధ్యలో ముట్టుకుని ఉంటుంది, లేకపోతే అంతటి హస్తవాసి ఎట్లా తప్పుతుంది అని. అమ్మ ముట్టుకోలేదని కళ్లారా చూసిన తాత ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

ఇద్దరూ పోయిన చాలా ఏళ్లకు ఒక డాక్టరమ్మను అడిగాను. ఎర్రతేలు విషం చిన్నపిల్లల గుండెను దెబ్బతీస్తుందని, ఆ చెమట, ఆ చల్లబడటం ప్రమాదానికి గుర్తులని ఆమె చెప్పింది. ఆ రోజుల్లో దవాఖానకు పోయినా దానికి సరైన మందు లేదని కూడా చెప్పింది. వాణ్ణి తాతే పోగొట్టాడన్న కోపం ఆ మాటతో కొంత తగ్గింది. మందు రావడానికి కాలం పట్టింది, దానికి ఎవరేం చేయగలరు! కానీ పిల్లవాణ్ణి ఎత్తుకోవడానికి ఏ కాలమూ రావలసిన పని లేదు. అమ్మ ఆ పొద్దంతా అక్కడే, నాలుగడుగుల దూరంలో నిలబడి ఉంది.