నూజివీడు స్టేషన్‌లో దిగి పెళ్లిచూపులకు

మే నెలలో ఒక ఆదివారం నూజివీడులో నా పెళ్లిచూపులు పెట్టుకున్నారు. అమ్మ, సంబంధం తెచ్చిన మావయ్య విజయవాడ నుంచి బస్సులో వెళ్తామన్నారు. నేను రైల్లో వస్తానన్నాను. నూజివీడు స్టేషన్‌లో నేనెప్పుడూ దిగలేదు.

“పెళ్లిచూపులకు వస్తున్నావా, రైళ్లు చూడ్డానికి వస్తున్నావా?” అంది అమ్మ.

“రెండింటికీ” అన్నాను.

పొద్దున్నే మెము ప్యాసింజరు రైలెక్కితే కిటికీ పక్క సీటు దొరికింది. గన్నవరం దాటాక ఉంగుటూరు వైపు కోతలైపోయిన పొలాలు, మధ్యలో గడ్డివాములు. ఎదురు సీట్లో ఒకావిడ ఒళ్లో పూలబుట్ట పెట్టుకుని కూర్చుంది.

“నూజివీడు ఊళ్లోకా బాబూ? అయితే రైలెక్కారేంటండీ! స్టేషనెక్కడ, ఊరెక్కడ” అని నవ్వింది.

ఆవిడ చెప్పింది నిజమే. కొత్తగా వెళ్లేవాళ్లు తెలుసుకోవాలి. పేరు నూజివీడే గానీ స్టేషన్ ఉన్నది హనుమాన్ జంక్షన్ దగ్గర. ఆ జంక్షన్ కూడా రోడ్లదే, పట్టాలది కాదు. అక్కడిదాకా ఆటో, తర్వాత ఆర్టీసీ బస్సు.

దిగాక వెంటనే ఆటో ఎక్కలేదు. ప్లాట్‌ఫాం చివర బెంచీ మీద కూర్చుని, ఆగకుండా దూసుకుపోయిన ఒక ఎక్స్‌ప్రెస్‌నీ, తీరిగ్గా వచ్చిన ఆయిల్ ట్యాంకర్ల గూడ్స్‌నీ చూశాను. చొక్కా దుమ్ము కొట్టుకుపోయింది.

నేను ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల మాస్టారిని. రైలు నడపాలని చిన్నప్పటి నుంచీ కోరిక. అసిస్టెంట్ లోకో పైలట్ రాతపరీక్ష పాసయ్యాను కూడా. మెడికల్‌లో డాక్టరు రంగు చుక్కల పుస్తకం ముందు పెట్టి, అందులో అంకె చదవమన్నాడు. నాకు చుక్కలే కనబడ్డాయి. ఎరుపు, ఆకుపచ్చల తేడా నా కళ్లకు సరిగా తెలియదు. ఈ సంగతి మావయ్యకు అమ్మ చెప్పలేదు. నన్నూ చెప్పొద్దంది.

బస్సు దిగేసరికి నూజివీడు రోడ్ల మీద మామిడికాయల ట్రాక్టర్లు వరసగా వెళ్తున్నాయి. అమ్మాయి పేరు లావణ్య. మందుల షాపులో ఫార్మసిస్టు. వాళ్ల నాన్నగారు వెంకట్రావుగారు సొంత మామిడి తోట చేసుకుంటారు. కాఫీలయ్యాక ఆయనే అడిగారు.

“గవర్నమెంటు ఉద్యోగానికేమీ ప్రయత్నించలేదా బాబూ?”

అమ్మ నా వైపు చూసింది. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. ఉన్నదంతా చెప్పేశాను. అమ్మ తల దించుకుంది. మావయ్య ఖాళీ కప్పు మళ్లీ నోటి దగ్గర పెట్టుకున్నాడు.

“అంటే... రోడ్డు మీద బండి నడుపుతారా?” అన్నారు వెంకట్రావుగారు.

“నడుపుతానండీ. సిగ్నల్ దగ్గర వెలిగింది పై దీపమా, కింద దీపమా అని చూసుకుంటాను.”

ఆయన మొహంలో దిగులు పోలేదు. “రేపు పిల్లలకొస్తే?”

“కొడుకులకు రాదు నాన్నా. కూతుళ్లకీ మామూలుగా రాదు. కూతుళ్ల కొడుకులకు రావచ్చు” అంది లావణ్య ఠక్కున. అని, తను ఎవరి పిల్లల గురించి చెబుతోందో గుర్తొచ్చి, గబగబా వంటింట్లోకి వెళ్లిపోయింది. లోపల ఎవరో పకపకా నవ్వారు.

మామిడికాయ పప్పుతో, పెరుగన్నంలోకి రసాలతో భోజనం పెట్టారు. వెంకట్రావుగారు మాత్రం “ఆలోచించుకుని కబురు చేస్తాం” అన్నారు. ఆ మాటకు అర్థం అమ్మకు తెలుసు. బస్సెక్కుతూ “నీ నోరు ఊరుకోదు కదరా” అంది.

నాకు సాయంత్రం రైలుంది. జంక్షన్‌లో పనుందని వెంకట్రావుగారు నన్ను కారులో ఎక్కించుకున్నారు. నేను అడగలేదు గానీ లావణ్య కూడా వెనక సీట్లో కూర్చుంది. స్టేషన్ దాకా ముగ్గురం వాతావరణం గురించే మాట్లాడుకున్నాం.

ప్లాట్‌ఫాం మీద ఆయన ఫోన్ మాట్లాడుతూ అవతలికి వెళ్లారు. లావణ్య అడిగింది.

“ఆ ఉద్యోగం రాలేదు కదండీ. ఇలా వచ్చి చూస్తుంటే బాధనిపించదా?”

“మొదటి ఏడాది స్టేషన్ వైపే రాలేదండీ. తర్వాత స్కూలు పిల్లల్ని విహారయాత్రకు తీసుకెళ్తూ ప్లాట్‌ఫాం మీద నిలబడ్డాను. ఇంజన్ వస్తుంటే వాళ్లతో పాటు నేనూ కేకలేశాను. అప్పటి నుంచి ఇంక మానలేదు.”

అంతలో బొగ్గు వ్యాగన్ల గూడ్స్ వచ్చింది. మాట వినబడనంత మోత. లావణ్య చున్నీ గట్టిగా పట్టుకుని, చివరి బ్రేక్ వ్యాన్‌లో గార్డు చెయ్యి ఊపితే తనూ ఊపింది. వెంకట్రావుగారు ఫోన్ చెవి దగ్గర నుంచి దించేసి చూస్తున్నారు.

నా బండి వచ్చింది. ఎక్కి, కిటికీలోంచి నమస్కారం పెట్టాను. ఆయన తల ఊపారు, అంతే.

నూజివీడు వెళ్లాలంటే బస్సే నయం. నాలాంటి వాళ్లు మాత్రం రైల్లోనే వెళ్లండి. బెంచీలకు నీడ ఉంది, పట్టాలు చాలా దూరం కనబడతాయి. సంబంధం తప్పిపోయిందనుకున్నా ఆ రోజు నాకు వెలితిగా లేదు. దాచకుండా చెప్పానన్న తేలిక ఉంది.

తేలప్రోలు దాటుతుంటే, మావయ్య వాళ్లకిచ్చిన నా నంబరుకు మెసేజ్ వచ్చింది. లావణ్య.

“మీ బండి వెళ్లాక ఇంకో గూడ్స్ వచ్చిందండీ. చూసి వెళ్దామని నాన్నే ఆగారు. దానికి ముందు రెండు ఇంజన్లున్నాయి. రెండెందుకో మిమ్మల్నడిగి కనుక్కోమంటున్నారు.”

జవాబు రాయడం మొదలుపెట్టాను. గన్నవరం ఎప్పుడొచ్చి వెళ్లిపోయిందో చూసుకోలేదు.